నుఖ్తా రాలిపోతుంది

మాకు హాబీలుంటాయని ఎవరికీ తోచదు. సాయిబు చేతిలో పనిముట్టు కనిపిస్తే అది పొట్టకూటి కోసమే అయ్యుండాలి. సైకిల్ షాపులో స్పానరు, వెల్డింగు కొట్లో రాడ్డు, దర్జీ మిషను, మాంసం కొట్టు కత్తి. 2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు కూడా ఇదే మాట మర్యాదైన భాషలో చెప్పింది. మిగతావాళ్ళతో పోలిస్తే ముస్లింలు నెల జీతాల మీద తక్కువగా, సొంత చేతిపనుల మీద ఎక్కువగా బతుకుతున్నారని. అబద్ధమేం కాదు. మా అబ్బా సైకిల్ షాపు నడిపాడు. మా చాచాలిద్దరూ దర్జీలు. ఇంట్లో మొదటిసారి బి.ఏ. చదివి పేపర్లో ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణి నేనే. అంటే మా వంశంలో చేతులకి నూనె అంటని మొదటి మనిషిని.

అలాంటివాణ్ణి ఆదివారం పొద్దున్నే సంచిలో రంపం వేసుకుని మైపాడు రోడ్డు వైపు పోతుంటే పక్కింటి పెద్దాయన ఆపి అడిగాడు. "ఏం సాయిబూ, పేపరుద్యోగం పోయిందా ఏంది? వడ్రంగం పట్టినట్టుండావే?" ఎగతాళి కాదు, నిజంగానే జాలిపడ్డాడు.

"షౌక్" అన్నాను.

ఈ మాటకి సరైన తెలుగు నాకింతవరకు దొరకలేదు. సరదా అంటే మరీ తేలికైపోతుంది. అభిరుచి అంటే పాఠ్యపుస్తకం మాట. షౌక్‌లో కోరిక ఉంది, కాస్త పిచ్చి కూడా ఉంది. మా అమ్మ దాన్ని తిట్టుగానే వాడేది. "షౌకాఁ దేఖో ఇనకే!" అనేది. ఇల్లు గడవనివాడికి షౌకులేంటని దానర్థం. పక్కింటాయన అడిగిందీ, మా అమ్మ అన్నదీ ఒకటే. ఒకరు తెలుగులో, ఒకరు మా ఇంటి ఉర్దూలో.

రంపం గురించి చెప్పాలి. ఇంగ్లీషులో దాన్ని ఫ్రెట్ సా అంటారు. కరెంటుతో నడిచే బల్లరంపమైతే స్క్రోల్ సా. మా షెడ్డులో అందరం సన్నరంపం అంటాం. పెద్ద యు ఆకారంలో ఇనుప చట్రం, దాని రెండు కొసల మధ్య వీణతీగలా బిగించిన బ్లేడు. పళ్ళు కిందికి చూస్తుండాలి. తిరగేసి బిగిస్తే చెక్క ఎగిరెగిరి పడుతుంది. చెక్కమీద కాగితం బొమ్మ అంటించి, లోపల తీసెయ్యాల్సిన ప్రతి గడిలోనూ బరమాతో చిన్న చిల్లి వేస్తాం. బ్లేడు ఒక కొస ఊడదీసి, ఆ చిల్లిలోంచి దూర్చి, మళ్ళీ బిగించి కోస్తాం. ఆ గడి అయిపోతే మళ్ళీ ఊడదీయాలి. నలభై గడులున్న జాలీకి నలభైసార్లు ఇదే తంతు. ఓపిక లేనివాడు పదో చిల్లి దగ్గరే టీకి లేస్తాడు.

మామూలు రంపానికీ దీనికీ ఒక తేడా ఉంది. మామూలు రంపాన్ని మనం తోస్తాం. ఇక్కడ రంపం ఉన్నచోటే పైకీ కిందికీ ఆడుతుంటుంది, తిరగాల్సింది చెక్క. మూల వచ్చినప్పుడు కంగారుపడి ముందుకి నెడితే బ్లేడు టక్‌మని తెగుతుంది. ఆ చోటే బ్లేడుని ఖాళీగా ఆడిస్తూ చెక్కని మెల్లగా తిప్పాలి. మొదటి నెలలో నేను తెంచిన బ్లేళ్ళ ఖర్చుతో బండికి పెట్రోలు పోయించుకోవచ్చు. ఒకే బొమ్మ రెండు కావాలంటే రెండు పలకలు ఒకదాని మీదొకటి పెట్టి టేపు చుట్టి కోస్తే చాలు. ఒక్క కోతకి రెండూ వస్తాయి. మా చెక్క చాలావరకు పాత సామాను కొట్లలో దొరికేదే. కృష్ణపట్నం పోర్టు వైపు నుంచి వచ్చే ప్యాకింగు పెట్టెల పైన్ చెక్క. మెత్తగా తెగుతుంది, మంచి వాసన వస్తుంది. మా తీరమంతా కనిపించే సరుగుడు దీనికి పనికిరాదు. గట్టిది, పగులుతుంది. పందిళ్ళకీ గోడలు కట్టేటప్పటి సారువలకీ అదే రాజు.

షెడ్డు రిటైరైన లెక్కల మేస్టారిది. వచ్చేవాళ్ళం ఐదారుగురం. ఒకాయన ఎల్.ఐ.సి. ఏజెంటు. ఇంకొకతను వడ్రంగి, కులానికీ వృత్తికీ కూడా. తీరంలోని ఒక పట్టపుపాళెం నుంచి ఒక కుర్రాడొస్తాడు, ఎప్పుడూ చేపలే కోస్తాడు. చందువ, వంజరం, మాగ. వాటి రెక్కలు చూస్తే తెలిసిపోతుంది అతను చేపని ఫోటోల్లో చూసినవాడు కాదని. వడ్రంగి సంగతి వింత. వారమంతా వాకిళ్ళూ కిటికీలూ చేస్తాడు, రెడీమేడ్ తలుపులొచ్చాక ఆ పని కూడా సగమైంది. ఆదివారం మళ్ళీ రంపమే పట్టుకుంటాడు. "అది ఇంకొకరి కొలత భాయ్. ఇది నాది" అన్నాడొకసారి. షెడ్డులో మేస్టారికీ ఏజెంటుకీ రంపం హాబీ అంటే ఎవరూ మళ్ళీ అడగరు. అడిగేది వడ్రంగినీ నన్నూ. ఆ కుర్రాణ్ణి కూడా కొంచెం. చేతిపని పుట్టుకతో వచ్చిందనుకునేవాళ్ళకే దాన్ని ఇష్టంగా చేస్తున్నామని రుజువు చూపించుకోవాల్సొస్తుంది.

ఇంగ్లండులో నార్ఫోక్ జిల్లాలోని డేరమ్ అనే చిన్న ఊళ్ళో ఈ పనికి ఒక కంపెనీయే ఉండేది. దాని పేరే హాబీస్. 1895 నుంచి వారపత్రిక కూడా వేసింది. సంచికతో పాటు కోతబొమ్మల కాగితాలిచ్చేవాళ్ళు. గుమాస్తాలూ బడిపిల్లలూ వాటిని పలకలకి అంటించి ఫోటో చట్రాలూ గడియారపు పెట్టెలూ కోసేవాళ్ళు. అంతకుముందు ఫ్రాన్సులో రాజుల మేజాబల్లల మీద తాబేటి చిప్పా ఇత్తడీ పొదగడానికి ఈ జాతి రంపాన్నే వాడారు. అక్కడి పనివాడు బూల్ (1642-1732) పేరుమీదే ఇంగ్లీషులో దీనికి బూల్ సా అని పాతపేరు. పనివాడి రంపం రెండొందల ఏళ్ళలో గుమాస్తా ఆటవస్తువైంది. మన దగ్గర అలా జరగలేదు. ఉత్తరప్రదేశ్ సహారన్‌పూర్‌లో షీషమ్ చెక్కమీద జాలీలు కోసే ముస్లిం పనివాళ్ళు ఇవాళ్టికీ పనివాళ్ళే. అహ్మదాబాదులో సీదీ సయ్యద్ మసీదు కిటికీలో రాతిని కొబ్బరాకు ఈనెలంత సన్నగా తొలిచి చెట్టు పుట్టించినవాళ్ళ పేర్లేమిటో నేను చదివినదాంట్లో ఎక్కడా లేవు. 1573 నాటి మసీదది. కట్టించినవాడి పేరుంది.

షెడ్డులో కూర్చుని మాట్లాడే తెలుగు గురించి ఒక మాట. "బరమా తే", "మేకు కొట్టు", "ఆ కుర్చీ జరుపు". బరమా ఫార్సీ. మేకు ఫార్సీ మేఖ్. కుర్చీ అరబ్బీ కుర్సీ. దర్వాజా సరేసరి. వడ్రంగికి ఇది చెప్తే నవ్వాడు. "అట్టయితే మా నాయన కూడా సగం సాయిబే" అన్నాడు. మేస్టారు నవ్వలేదు. భాషల్లో ఇచ్చిపుచ్చుకోవడాలు సహజమేనయ్యా అన్నాడు. పుచ్చుకున్నామని ఒప్పుకోడానికి ఎవరికైనా కొంచెం టైము పడుతుంది.

నేను కోసేది అక్షరాలు.

మా దాదా నాకు ఉర్దూ తఖ్తీ మీద నేర్పాడు. చెక్కపలక, దానికి సుద్దమట్టి పూత, రెల్లుకలం. తెలుగు బడిలో నేర్చుకున్నాను, రాతిపలక మీద. అందుకని నా బుర్రలో ఉర్దూకి చెక్క వాసనుంటుంది. సన్నరంపం పట్టిన రెండో నెలకే దానితో అక్షరాలు కొయ్యాలనిపించింది. అప్పుడు తెలిసింది అసలు చిక్కు.

చెక్కలోంచి అక్షరాన్ని బొమ్మలా విడదీస్తే, దానికి అంటుకుని ఉన్నదంతా ఒక్క ముక్కగా వస్తుంది. అంటుకోనిది రాలిపోతుంది. ఉర్దూలో నుఖ్తాలన్నీ రాలిపోతాయి. బే కింది చుక్క, తే మీది రెండు, షీన్ మీది మూడు. చుక్క పోతే బే బే కాదు, ఉత్త గిన్నె. పైగా అలిఫ్, దాల్, రే, వావ్ తమ తర్వాతి అక్షరంతో చెయ్యి కలపవు. అక్కడ మాట తెగిపోతుంది. ఉర్దూయే ఇలా ఇబ్బంది పెడుతుందనుకున్నాను. తెలుగు కోశాక ఆ భ్రమ పోయింది. తెలుగులో అక్షరం అక్షరం విడివిడిగానే వస్తుంది. పైగా వత్తులు రాలిపోతాయి. ప, స, హ లాంటివాటి తలకట్టు ఒంటిని తాకదు, అదీ రాలిపోతుంది. నలభయ్యేళ్ళుగా రాస్తున్నాను, పకారం తలకట్టు గాల్లో నిలబడి ఉందని రంపం పట్టేదాకా చూళ్ళేదు. పోనీ అక్షరాన్నే చిల్లిగా కోద్దామంటే, లోపల మూసుకుపోయిన గడులు ఊడిపోతాయి. సున్నా కోస్తే పెద్ద చిల్లే మిగులుతుంది, మధ్య బిళ్ళ జారి కాళ్ళ దగ్గర పడుతుంది. దాన్ని ఆపాలంటే సన్నటి వంతెన వదలాలి. లేదా వెనక ఇంకో చెక్క వేసి, రాలిన ప్రతి చుక్కనీ వెతికి, దాని చోట ఫెవికాల్‌తో అతకాలి. నేను రెండోదే చేస్తాను. ఉప్పుకాగితం పట్టేటప్పుడు ఒక నుఖ్తా ఎగిరిపోయిందంటే షెడ్డులో నలుగురం నేలమీద పాకుతాం.

ముహమ్మద్ అనే మాటకి మాత్రం ఒక్క నుఖ్తా లేదు. మీమ్, హే, మీమ్, దాల్ నాలుగూ చేతులు కలిపి ఉంటాయి. ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. ఇది చూసి అందరికంటే ఎక్కువ మురిసింది వడ్రంగే.

పట్టపుపాళెం కుర్రాడు వాళ్ళ నాయనమ్మ పేరు రెండు లిపుల్లో కోసిమ్మన్నాడు. ఆమె పేరు మస్తానమ్మ. నెల్లూరు జిల్లా తెలియనివాళ్ళకి చెప్పాలి: ఇక్కడ మస్తానయ్యలూ మస్తానమ్మలూ హిందువుల ఇళ్ళల్లో కావలసినంతమంది ఉన్నారు. కసుమూరు దర్గాకి మొక్కుకుంటే పుట్టినవాళ్ళు, వాళ్ళ పేరు పెట్టుకున్న మనవలూ. ఉర్దూలో ఆ పేరుకి మూడు చుక్కలు రాలాయి. తెలుగులో తావత్తూ మావత్తూ రాలాయి. అన్నీ అతికించి ఇచ్చాను. ముసలమ్మ దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టిందట. ఏ లిపీ చదవలేదామె.

ఇలాంటి సంగతులు రాయమంటే మా ఆఫీసుల్లో ఎగిరి గంతేస్తారు. ప్రతి మొహర్రానికీ నన్నే స్వర్ణాల చెరువుకి పంపుతారు, బారాషహీద్ దర్గా రొట్టెల పండగకి. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, నీళ్ళల్లో నిలబడి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. మతం అడగరు. నిజమే, అడగరు, నేనే రాశాను చాలాసార్లు. ఆ రొట్టె పుచ్చుకున్న చేతుల్లో కొన్ని మర్నాడు టులెట్ బోర్డు దగ్గర నా పేరు విని "మావాళ్ళు వెజిటేరియన్లకే ఇవ్వమన్నారండీ" అనడం కూడా నిజమే. అది ఏ ప్రత్యేక సంచికలోనూ పట్టదు.

ఇక్కడే మా అబ్బా బోర్డు సంగతి చెప్పాలి. ఆయన సైకిల్ షాపు బోర్డుమీద పైన తెలుగు, కింద ఉర్దూ ఉండేది. దాదా దగ్గరుండి రాయించాడు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. మా వీధిలో ఏమీ జరగలేదు. రెండు మూడు రోజులు షాపు మూశాం, తర్వాత తెరిచాం. ఆ ఎండాకాలం బోర్డుకి రంగు వేయించాడు అబ్బా. పెయింటరు తెలుగు లైను పూర్తిచేసి నిచ్చెన మీంచే అడిగాడు, "కింద మీ అక్షరాలు కూడా ఎయ్యమంటారా?" అని. "జాగా చాలదులే" అన్నాడు అబ్బా. నేను కింద నిలబడి చూస్తున్నాను. జాగా ఉంది. పాత లైను ఉన్నంత జాగా అలాగే ఉంది. తర్వాత అక్కడ ఒక టైరు కంపెనీ వాళ్ళ బొమ్మ వచ్చింది.

దాని గురించి ఆయన్ని నేనెప్పుడూ అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇప్పుడు లేడు.

రెండేళ్ళ కిందట ఊళ్ళో ఒక సంఘంవాళ్ళు చేతిపనుల ప్రదర్శన పెట్టారు. మా షెడ్డుకి రెండు బల్లలిచ్చారు. మేస్టారు గణపతి జాలీ, ఏజెంటు గడియారాలు, కుర్రాడి చేపలు, వడ్రంగి చేసిన ఏనుగుల బొమ్మ. నాది నెల్లూరు. ఊరిపేరే. ఒక పలక తెలుగులో, ఒక పలక ఉర్దూలో, ఒకే కొలత, ఒకే చెక్క. తెలుగులో నాలుగు ముక్కలు: మూడక్షరాలు, లావత్తు. ఉర్దూలో ఐదు: నూన్, యే, లామ్, వావ్ ఒక కట్టు, రే విడిగా, మూడు నుఖ్తాలు. పక్కపక్కన నిలబెట్టాం.

తెరవడానికి గంట ముందు నిర్వాహకుడొకాయన వచ్చాడు. మంచి మనిషే, మాకు టీ కూడా చెప్పించాడు. ఉర్దూ పలక చూసి కాసేపు నిలబడ్డాడు. "బాగుంది. చాలా బాగుంది. ఇది మాత్రం కొంచెం లోపలివైపు పెడదామండీ. ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు.

"ఏం రాసుందో తెలుసా సార్?" అన్నాను.

"ఏదైతేనేమండీ. భక్తి విషయాలు కదా."

వడ్రంగికి కోపమొచ్చింది. "భక్తి ఏందయ్యా? నెల్లూరని రాసుంది. మన ఊరు" అన్నాడు.

"అది మీకు తెలుసు. వచ్చేవాళ్ళకి తెలవదు కదా?"

ఆ మాటకి జవాబు లేదు. నిజంగానే తెలియదు. 2022లో శాసనసభ చట్టం చేసింది, ఇప్పుడు రాష్ట్రమంతటికీ ఉర్దూ రెండో అధికార భాష. కాని ఆ లిపి కనిపిస్తే జనానికి తోచేవి రెండే, ఖురాను లేకపోతే పాకిస్తాను. ఆ అక్షరాల్లో సైకిల్ షాపు పేరుంటుందని, చాకలి పద్దుంటుందని, ఊరి పేరుంటుందని ఎవరూ అనుకోరు. గణపతి జాలీ భక్తి విషయం కాదా అని నేనడగలేదు. మేస్టారు మొహం చూసి ఊరుకున్నాను. మేస్టారే లేచాడు. తన గణపతిని తీసి వెనకబల్ల మీద పెట్టి, ఆ జాగాలో రెండు నెల్లూర్లనీ ముందుకి జరిపాడు. ఏమీ మాట్లాడలేదు. తర్వాత కూడా ఎప్పుడూ ఆ మాటెత్తలేదు. ఆయన ఓటెవరికేస్తాడో నాకు తెలుసు. మేమిద్దరం ఆ విషయం మీద మాట్లాడుకోం. ఇవన్నీ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో నాకర్థం కాదు. అర్థమైనట్టు రాస్తే అబద్ధమవుతుంది.

మూడు రోజులు జనం వచ్చారు. ఒకావిడ ఉర్దూ పలకని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. ఒక కాలేజీ కుర్రాడు ఫోటో తీసి, దీన్ని ఇక్కడెవరు పెట్టనిచ్చారని పక్కవాడితో అన్నాడు. టోపీ పెట్టుకున్న ఇద్దరు పిల్లలు మాత్రం కూడబలుక్కుని చదివారు. "నె... నేలోర్... అరే, నెల్లూర్!" అని నవ్వారు. చదివింది వాళ్ళిద్దరే.

పలకలు రెండేసి కలిపి కోశాను కాబట్టి ఇంకో జత మిగిలింది. దాన్ని ఉదయగిరి తీసుకెళ్ళాను, మా ఖాలాకి. అది సముద్రానికి దూరం. ఆత్మకూరు దాటి పోవాలి, కోట ఉన్న దుర్గం కొండల కింద ఊరు. అక్కడి చెక్క స్పూన్ల గురించి వినే ఉంటారు. లేపాక్షి షాపుల్లో పెడతారు, జి.ఐ. గుర్తింపు కూడా వచ్చింది. నర్ది, బిక్కి, కల్ది, ఆ కొండల్లో దొరికే చెక్కలతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు. చేసేది ఎక్కువగా ముస్లిం ఇళ్ళల్లో ఆడవాళ్ళు. మా ఖాలా పెళ్ళయి వెళ్ళినప్పట్నుంచి చేస్తోంది. చెక్కని కాలివేళ్ళ మధ్య నొక్కిపట్టి ఆకురాయితో గరిటె గుంట నున్న చేస్తుంటే చూడాలి. మా షెడ్డులో ఆరుగురిలో ఒక్కరికీ ఆ చెయ్యి లేదు. వడ్రంగి ఆ మాట నాతో పాటు వచ్చి, చూసి, తనే అన్నాడు. ఆవిడకి ముక్కకింతని కూలి. ఎంతో రాస్తే సిగ్గుపడాల్సింది ఆవిడ కాదు.

పలకలు చేతికిచ్చాను. వెనకా ముందూ తిప్పి చూసింది. అంచులు బొటనవేలితో తడిమింది. "సాఫ్ హై" అంది. అంతకంటే పెద్ద మెప్పు ఆ ఇంట్లో లేదు. తర్వాత అడిగింది, "యే కాయ్‌కూ ఆతా బేటా?" దేనికి పనికొస్తుందని.

"దేనికీ పనికి రాదు ఖాలా. గోడకి పెట్టుకోడమే. షౌక్."

"ఎంతకి అమ్ముతావు?"

"అమ్మను."

వడ్రంగి వైపు చూసింది, వీడికేమైనా అయిందా అన్నట్టు. ఆయన తల దించుకుని నవ్వుకుంటున్నాడు. నలభయ్యేళ్ళుగా చెక్కపని చేస్తున్నావు కదా, ఎప్పుడైనా నీ కోసం ఏదైనా చేసుకున్నావా అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. "సుర్మాదానీకి ఒక పుల్ల" అంది. "పెళ్ళయిన కొత్తలో. నెలవంక బొమ్మ కొసకి పెట్టా. మీ ఖాలూ విరగ్గొట్టాడు, తెలీక, కూచుని." విరిగిన పుల్ల ఇంకా ఉందా అంటే ట్రంకుపెట్టెలో ఉందంది. తియ్యమంటే తియ్యలేదు.

ఖాలా ఉర్దూ మాట్లాడుతుంది, చదవలేదు. తెలుగూ అంతే. "ఏం రాసుంది దీంట్లో?"

"నెల్లూరు."

"రెండిట్లోనూనా?"

"రెండిట్లోనూ."

"మరి ఉదయగిరని కొయ్యలేదేం?"

అది కష్టం ఖాలా అన్నాను. అలిఫ్ కలవదు, దాల్ కలవదు, రే కలవదు. అంతా ముక్కలు ముక్కలుగా వస్తుంది, పైన గాఫ్ గీత వేరే. ఒక్కొక్కటీ వెతికి అతకాలి. పైన్ చెక్క అంత సన్నపనికి ఆగదు.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, గరిటెల కోసం ఆరబెట్టిన వాటిల్లోంచి చెయ్యెడు నర్ది పలక తెచ్చింది. వేలికణుపుతో కొట్టి చూసి నా సంచిలో పెట్టింది.

"ఇది ఆగుతుంది. కోసుకు రా."